జెండా మోసేవారు ఒకరు, పల్లకీ ఎక్కేవారు మరొకరు

పుదుచ్చేరి పట్టణంలో ఇందిరాగాంధీ ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్న కదిర్కామం ఒక శాసనసభ నియోజకవర్గం. అక్కడి భారతీయ జనతా పార్టీ కార్యకర్తకు పని ఉంది, అభ్యర్థి లేడు. 2011లో ఆ స్థానంలో స్వయంగా ఎన్. రంగస్వామి గెలిచారు. 2016లో ఆయన పార్టీకే చెందిన ఎన్.ఎస్.జె. జయబాల్, 2021లో ఎస్. రమేశ్ గెలిచారు. మూడు ఎన్నికలలోనూ ఆ స్థానం అఖిల భారత ఎన్.ఆర్. కాంగ్రెసుదే. 2021 పొత్తులో పుదుచ్చేరిలోని 30 స్థానాలలో 16 ఎన్.ఆర్. కాంగ్రెసుకు, 9 భాజపాకు, 5 అన్నాడీఎంకేకు పంచారు. కమలం గుర్తు దక్కని 21 నియోజకవర్గాలలో కదిర్కామం ఒకటి. బూత్ కమిటీ వేసి, ఓటర్ల జాబితా పుటలను పన్నా ప్రముఖ్‌లకు పంచిపెట్టిన కార్యకర్త చివరకు జగ్గు గుర్తుకు ఓటు వేయమని ఇంటింటికీ తిరిగాడు.

ఇంతమాత్రాన అతనికి అన్యాయం జరిగిందనడం తొందరపాటే. పొత్తు అన్న తరువాత కొందరు తగ్గవలసిందే. ఏ క్రమశిక్షణ గల పార్టీలోనైనా ఈ త్యాగం సహజం, కార్యకర్త దానికి సిద్ధపడే వస్తాడు. అయితే తన వాటాగా వచ్చిన తొమ్మిది స్థానాలను నాయకత్వం ఎవరికి ఇచ్చిందో చూసినప్పుడే కదిర్కామం కార్యకర్త మనస్సు విరిగింది. తన త్యాగం పార్టీకి ఉపయోగపడిందా, లేక పార్టీలోకి నిన్న వచ్చినవారికి ఉపయోగపడిందా అన్న ప్రశ్నకు ఈనాటికీ అతనికి జవాబు దొరకలేదు.

2021 జనవరిలో కాంగ్రెసు మంత్రి, అంతకుముందు ఆ పార్టీ రాష్ట్రాధ్యక్షుడిగా పనిచేసిన ఎ. నమశ్శివాయం కాంగ్రెసును విడిచి కమలం కండువా కప్పుకున్నారు. ఆయన వెంట శాసనసభ్యుడు ఇ. తీప్పాయ్ందాన్ నడిచారు. ఫిబ్రవరిలో ఎ. జాన్‌కుమార్ రాజీనామా చేసి వచ్చారు. ఫిబ్రవరి 22న నారాయణస్వామి ప్రభుత్వం కూలింది. ఆరు వారాల తరువాత, ఏప్రిల్ 6న పోలింగ్. నమశ్శివాయం, జాన్‌కుమార్, ఆయన కుమారుడు రిచర్డ్స్ జాన్‌కుమార్ ముగ్గురూ కమలం గుర్తుపై గెలిచారు. తండ్రీ కొడుకులకు చెరొక స్థానం లభించింది. కుటుంబ రాజకీయాలపై దేశమంతటా ధర్మయుద్ధం ప్రకటించిన పార్టీ తన వాటాలోని తొమ్మిదింటిలో రెండింటిని ఒకే ఇంటికి పంపింది. అదే ఎన్నికలో లాస్‌పేట్ నుంచి పోటీ చేసిన అప్పటి రాష్ట్రాధ్యక్షుడు వి. సామినాథన్ ఓడిపోయారు. ఆయన తరువాతి కాలంలో పార్టీనే విడిచి సినీనటుడు విజయ్ స్థాపించిన తమిళగ వెట్రి కళగంలో చేరారు.

నామినేషన్ల కథ ఇంకా విశేషమైనది. 1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం ప్రకారం పుదుచ్చేరి సభకు ముగ్గురు సభ్యులను కేంద్రం నామినేట్ చేయవచ్చు. 2017లో కేంద్రం ఈ అధికారాన్ని వినియోగించి సామినాథన్‌ను, కె.జి. శంకర్‌ను, ఎస్. సెల్వగణపతిని సభకు పంపింది. ముగ్గురూ సంస్థాగతంగా పనిచేసినవారే. 2018 డిసెంబరు 6న సుప్రీంకోర్టు ఆ నియామకాలను సమర్థించింది. నాడు వాటిని సవాలు చేసిన కాంగ్రెసు నాయకుడు కె. లక్ష్మీనారాయణన్ 2021లో ఎన్.ఆర్. కాంగ్రెసులో చేరి, భాజపా భాగస్వామిగా ఉన్న మంత్రివర్గంలోనే మంత్రి అయ్యారు. పుదుచ్చేరిలో న్యాయపోరాటాలకు కూడా గడువు తేదీ ఉంటుంది కాబోలు.

ఓట్లతో గెలవలేని చిన్న పార్టీలో, నిజాయితీగా పనిచేసిన కార్యకర్తను సభలో కూర్చోబెట్టడానికి ఈ మూడు స్థానాలే మార్గం. 2021 మే నెలలో, ముఖ్యమంత్రి రంగస్వామి కోవిడ్‌తో చెన్నై ఆసుపత్రిలో ఉండగా, కేంద్రం మళ్లీ ముగ్గురిని ప్రకటించింది. వారిలో కె. వెంకటేశన్ ఫిబ్రవరి వరకు కదిర్కామం పొరుగునే ఉన్న తట్టాంచావడికి డీఎంకే శాసనసభ్యుడు. వి.పి. రామలింగం అప్పటి కాంగ్రెసు సభాపతి శివకొళుందు సోదరుడు; ఫిబ్రవరి 28న కారైక్కాల్‌లో అమిత్ షా సమక్షంలో పార్టీలో చేరినవాడు. పార్టీ సభ్యత్వానికి పది వారాలు నిండినవారు శాసనసభలో కూర్చున్నారు. ఇరవై ఏళ్లుగా సభ్యత్వ రుసుము కట్టిన వ్యక్తి సందర్శకుల గ్యాలరీలో కూర్చోవచ్చు, పాస్ దొరికితే.

2025 జూన్‌లో ఆ ముగ్గురి చేతా రాజీనామాలు చేయించారు. కార్యకర్త ఆశగా చూశాడు. కొత్తగా వచ్చిన ముగ్గురిలో ఒకరు నమశ్శివాయంతో పాటు కాంగ్రెసు నుంచి వచ్చిన తీప్పాయ్ందానే. అదే సమయంలో పార్టీ తన దళిత మంత్రి, ఊసుడు శాసనసభ్యుడు సాయి జె. శరవణన్‌కుమార్ చేత రాజీనామా చేయించింది. ఆ స్థానంలో జాన్‌కుమార్ జులైలో మంత్రిగా ప్రమాణం చేశారు. అంతకు ఏడాది ముందు, 2024 జులైలో, రంగస్వామి ప్రభుత్వం నుంచి తప్పుకోవాలంటూ ఢిల్లీ వెళ్లి జె.పి. నడ్డాను కలిసిన అసమ్మతి శాసనసభ్యులలో జాన్‌కుమార్ కూడా ఉన్నారన్నది గమనార్హం. అలిగినవాడికి మంత్రి పదవి, అలగనివాడికి ఉద్వాసన. బూత్ స్థాయి కార్యకర్త ఇందులో నుంచి ఏ క్రమశిక్షణ పాఠం నేర్చుకోవాలో నాయకత్వమే చెప్పాలి.

ఇక్కడ నాయకత్వపు వాదనను కూడా నిజాయితీగా వినాలి. అది బలహీనమైన వాదన కాదు. 2016లో పార్టీ ఒంటరిగా పోటీ చేస్తే వచ్చిన ఓట్లు రెండున్నర శాతం కన్నా తక్కువ, వచ్చిన స్థానాలు సున్నా. 2021లో తొమ్మిది చోట్ల మాత్రమే పోటీ చేసి ఆరు గెలిచింది, దాదాపు 13.7 శాతం ఓట్లు తెచ్చుకుంది. పాత కాపులతో సున్నా, కొత్త అతిథులతో ఆరు. అన్నిటికీ మించి అదే ఏడాది సెల్వగణపతిని రాజ్యసభకు పంపింది కూడా ఈ నాయకత్వమే, ఆయన వలస నేత కారు. "గెలిచేవారిని తేకుండా సిద్ధాంతం వల్లిస్తూ కూర్చుంటే ఇంకో ముప్పై ఏళ్లు డిపాజిట్లు పోగొట్టుకోవలసిందే" అనే మాటకు లెక్కలలో ఆధారం ఉంది.

కాని లెక్కలు 2021తో ఆగిపోలేదు. 2024 లోక్‌సభ ఎన్నికలలో రాష్ట్ర హోం, విద్యుత్ శాఖల మంత్రి నమశ్శివాయమే అభ్యర్థి. ప్రభుత్వం చేతిలో ఉంది, సభలో మెజారిటీ ఉంది, కేంద్రం అండ ఉంది. కాంగ్రెసు అభ్యర్థి వి. వైద్యలింగం 1,36,516 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2019లో కూటమి తరఫున ఎన్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి 1,97,025 ఓట్ల తేడాతో ఓడిపోయాడు కదా, తేడా తగ్గింది కదా అని ఒక సమర్థన వినిపించింది. 2019లో కూటమి ప్రతిపక్షంలో ఉంది. 2024లో మంత్రులు, శాసనసభ్యులు, అధికార యంత్రాంగం అన్నీ ఉండి కూడా లక్షా ముప్పై ఆరువేల ఓట్లతో ఓడటాన్ని అభివృద్ధిగా చూపించడానికి చాలా ధైర్యం కావాలి. వలస వచ్చిన నాయకుడు తన నియోజకవర్గాన్ని వెంట తెస్తాడు. అంతకుమించి ఒక్క గజం నేల కూడా తేలేడు. కదిర్కామంలో ఆయనకు ఓటు అడగవలసింది మళ్లీ ఆ పాత కార్యకర్తే.

అతడు ఏమని అడగాలి? రేషన్ దుకాణాలు మూతపడి ఉన్నాయి, బియ్యానికి బదులు బ్యాంకు ఖాతాలో డబ్బు. విద్యుత్ పంపిణీని ప్రైవేటుకు అప్పగించే ప్రతిపాదనపై 2022లో ఉద్యోగులు సమ్మెకు దిగారు. ఆ శాఖ మంత్రే ఇప్పుడు అభ్యర్థి. వీధి మలుపుల్లో రెస్టోబార్లు వెలుస్తున్నాయి. సంస్కృతి, కుటుంబం, మర్యాద అన్న మాటలపై నమ్మకంతో ఈ పార్టీలోకి వచ్చిన మధ్యతరగతి గృహస్థుడు, తన ప్రభుత్వ హయాంలోనే తన వీధికి సారా సంస్కృతి కొత్త పేరుతో వస్తుంటే ఎవరితో మొరపెట్టుకోవాలి? మండల సమావేశంలో లేవనెత్తితే "పైకి చెబుతాం" అంటారు. పైవారు వినేది ఓటమి తరువాత మాత్రమే. రేషన్ దుకాణాలు 2024 అక్టోబరులో, దీపావళి ముందు, మళ్లీ తెరుచుకున్నాయి. ఎన్నికలకు ఆరు నెలల ముందు తెరవవలసిన తలుపులు అవి. గడప గడపకూ తిరిగిన కార్యకర్తకు ఆ సంగతి ముందే తెలుసు. అతన్ని అడిగే వ్యవస్థ పార్టీలో లేదు.

ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగువారి గడ్డ యానాంలో జరిగినది ఈ అవమానానికి మరొక ముఖం. 2021లో అక్కడ కూటమి అభ్యర్థి రంగస్వామి. ఆయనను స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ 655 ఓట్లతో ఓడించారు. గోదావరి గట్టున ముఖ్యమంత్రి అభ్యర్థి కోసం చెమటోడ్చిన యానాం భాజపా కార్యకర్తకు కొద్ది రోజులలోనే తెలిసిందేమంటే, తాను ఎవరిని ఓడించాలని తిరిగాడో ఆ విజేతే ఇప్పుడు భాజపాకు మద్దతుదారు. సభలో బలం పెరిగింది, నిజమే. నిన్నటి వరకు తిట్టిన నోటితో నేడు స్వాగత తోరణం కట్టమంటే యానాం కార్యకర్త ఎలా కడతాడు?

అయితే నిందను మొత్తంగా నాయకత్వం మీదికి నెట్టి కార్యకర్తను పసిబిడ్డగా నిలబెట్టడం కూడా సరికాదు. 2021 ఫిబ్రవరి 22న ఎదుటివారి ప్రభుత్వం కూలినప్పుడు ఆనందించని కార్యకర్త ఎవరు? ఒక్కొక్క శాసనసభ్యుడు రాజీనామా పత్రంతో సభాపతి గదిలోకి వెళ్తుంటే దాన్ని తమ నాయకుల చాణక్యంగా చెప్పుకొని మురిసింది ఈ శ్రేణులే. ప్రత్యర్థి ఇంటి గోడ దూకి వచ్చినవాడు ఎక్కడ దిగుతాడని అనుకున్నారు? తమ ఇంటి పెరట్లోనే దిగాడు, ఆపైన నట్టింట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఫిరాయింపును పండుగ చేసుకున్న పార్టీలో ఫిరాయింపుదారుకే పెద్దపీట వేస్తారు. ఈ సంగతి ఒప్పుకోకుండా కార్యకర్తలు చేసే ఏ తిరుగుబాటైనా టికెట్ దక్కనివాడి ఏడుపుగానే మిగిలిపోతుంది.

ఈ రోగం పుదుచ్చేరి పరిధిలోనే ఆగదు. 2019 జూన్‌లో సుజనా చౌదరి, సి.ఎం. రమేశ్, టి.జి. వెంకటేశ్, గరికపాటి మోహనరావు అనే నలుగురు తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఒక్కరోజులో భాజపా సభ్యులయ్యారు. 2024లో పొత్తు వాటాగా వచ్చిన కొద్దిపాటి స్థానాలలో మొదటి ఇద్దరికీ చోటు దొరికింది, ఇద్దరూ గెలిచారు. 2020 నుంచి 2023 వరకు రాష్ట్రాధ్యక్షుడైన సోము వీర్రాజుకు టికెట్ దొరకలేదు. ఆయన సొంత ప్రాంతమైన రాజమహేంద్రవరం లోక్‌సభ స్థానం కాంగ్రెసులో కేంద్రమంత్రిగా పనిచేసి 2014లో పార్టీలోకి వచ్చిన పురందేశ్వరికి వెళ్లింది. 2025లో వీర్రాజును శాసనమండలికి పంపి సర్దుబాటు చేశారు. తెలంగాణలో గోషామహల్ నుంచి మూడుసార్లు గెలిచిన రాజాసింగ్, అధ్యక్ష పదవికి తనను నామినేషన్ వేయనివ్వలేదని ఆరోపిస్తూ 2025 జూన్ 30న రాజీనామా చేస్తే జులైలో దాన్ని ఆమోదించి చేతులు దులుపుకున్నారు. రాజాసింగ్ సైతం తొలుత తెలుగుదేశం కార్పొరేటరే. శుద్ధ రక్తపు లెక్కలు తీస్తే ఈ పార్టీలో చాలామంది ఇబ్బంది పడతారు. అసలు సమస్య ఎక్కడినుంచి వచ్చారన్నది కాదు. అధ్యక్షుడిని ఎన్నుకొనే రోజున పోటీకి తావే లేకపోవడం.

ఇదే పార్టీ 1984లో దేశం మొత్తం మీద రెండే లోక్‌సభ స్థానాలు గెలిచింది. అందులో ఒకటి హనుమకొండ. గెలిచిన చందుపట్ల జంగారెడ్డి ఓడించింది పి.వి. నరసింహారావును. అరువు తెచ్చుకున్న అభ్యర్థి కాదు జంగారెడ్డి, జనసంఘం కాలం నుంచి జెండా మోసినవాడు. 2000లో జాతీయాధ్యక్షుడైన బంగారు లక్ష్మణ్ కూడా కింది మెట్టు నుంచి వచ్చిన తెలుగు దళితుడే. కార్యకర్త గెలవలేడన్న నేటి సూత్రాన్ని నాడు నమ్మి ఉంటే ఆ ఇద్దరి పేర్లూ చరిత్రలో ఉండేవి కావు.

విచిత్రమేమిటంటే సంస్కరణకు కొత్త నియమావళి రాయవలసిన అవసరమే లేదు. రాష్ట్రాధ్యక్ష పదవికి పోటీపడేవారికి పదేళ్ల ప్రాథమిక సభ్యత్వం ఉండాలన్న నిబంధన పార్టీలో ఉంది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు శాఖ తన ప్రకటనలో దాన్ని స్పష్టంగా పేర్కొంది. 2017లో అన్నాడీఎంకే నుంచి వచ్చిన నయినార్ నాగేంద్రన్ ఒక్కరే నామినేషన్ వేశారు, సడలింపు లభించింది, ఏకగ్రీవం. రెండు నెలల తరువాత పుదుచ్చేరిలో 2021 ఫిబ్రవరిలో చేరిన రామలింగం అధ్యక్షుడయ్యారు. అక్కడా ఒకే నామినేషన్. నాలుగేళ్ల అనుభవం పదేళ్ల నిబంధనను దాటింది. సడలింపు అనే మాట ఎప్పుడూ పై నుంచి దిగినవారికే అందుతుంది. పదేళ్లు నిండిన వార్డు కార్యకర్తకు ఎందులోనూ సడలింపు అక్కరలేదు, అతనికి నామినేషన్ పత్రం చాలు.

కనుక కదిర్కామం వంటి మండలాల నుంచి రావలసిన మొదటి కోరిక చాలా చిన్నది: ఉన్న నిబంధనను పాటించండి. అధ్యక్ష పదవికే కాదు, కేంద్రం చేసే మూడు నామినేషన్లకూ అదే పదేళ్ల కొలత వర్తింపజేయండి. ఓటరు తీర్పుతో సంబంధం లేని ఆ స్థానాలకు గెలుపు గుర్రం అన్న సాకు ఎలాగూ చెల్లదు. ఆ తరువాతిది కష్టమైనది, రహస్య బ్యాలెట్. మండలాధ్యక్షుడి నుంచి రాష్ట్రాధ్యక్షుడి వరకు ఢిల్లీ పరిశీలకుడు ఫోనులో విన్న పేరును ఏకాభిప్రాయంగా చదివి వినిపించే ఆచారం ఆగాలి. ఇద్దరు పోటీపడితే పార్టీ చీలుతుందన్న భయం నాయకులు పెంచి పోషించినది. పోటీ లేని ఈ కాలంలోనే కదా సగం మంది శాసనసభ్యులు ఢిల్లీ వెళ్లి సొంత ప్రభుత్వంపై ఫిర్యాదు చేసింది.

ఇతర దేశాల సంప్రదాయవాద పార్టీలు ఈ దారిలో నడిచి దెబ్బలూ తిన్నాయి, లాభమూ పొందాయి. బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీ 1998లో విలియం హేగ్ కాలంలో నాయకుడిని ఎన్నుకొనే తుది ఓటును సభ్యులకు ఇచ్చింది. ఆ సభ్యులే 2022లో లిజ్ ట్రస్‌ను ఎన్నుకున్నారు. ఆమె ఏడు వారాలు నిలిచారు. సభ్యులు పొరబడరని ఎవరూ అనలేరు. కాని ఆ పొరబాటు ఎవరిదో అందరికీ తెలిసింది. అమెరికాలో 2014లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ పక్ష నాయకుడు ఎరిక్ కాంటర్‌ను వర్జీనియాలో సొంత పార్టీ ఓటర్లే ప్రాథమిక ఎన్నికలో ఓడించి, పెద్దగా పేరులేని అర్థశాస్త్ర ఆచార్యుడు డేవ్ బ్రాట్‌ను నిలబెట్టారు. ఆ రాత్రి తరువాత వాషింగ్టన్‌లో ఎంతమంది నాయకులు తమ నియోజకవర్గాల వైపు మళ్లీ చూడటం మొదలుపెట్టారో ఊహించవచ్చు. పుదుచ్చేరిలో ఏ భాజపా శాసనసభ్యుడికీ తన మండల కమిటీ అంటే అటువంటి భయం లేదు. అతని భయమంతా ఢిల్లీ నుంచి వచ్చే ఒక్క ఫోను మీదనే.

పొత్తుల విషయంలో కూడా కార్యకర్త చేతికి కొంత పట్టు రావాలి. ఏ నియోజకవర్గాన్నీ శాశ్వతంగా మిత్రపక్షానికి రాసి ఇవ్వరాదు. ఒక ఎన్నికలో వదిలిన స్థానాన్ని తరువాతి ఎన్నికలో అడిగే హక్కు అక్కడి మండలానికి ఉండాలి. అడిగినా దక్కకపోతే కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. రంగస్వామి 2021లో యానాంలో ఓడినా తట్టాంచావడిలో గెలిచారు. కదిర్కామం, ఇందిరానగర్, తట్టాంచావడి ఒకదానికొకటి ఆనుకున్న ఆయన బలక్షేత్రాలు. అక్కడ కమలం మొలవాలంటే కనీసం స్థానిక సంస్థలలోనైనా విత్తనం వేయాలి. పుదుచ్చేరిలో 2006 తరువాత మునిసిపల్, పంచాయతీ ఎన్నికలే జరగలేదు. వార్డు సభ్యుడిగా గెలిచి తన బలం నిరూపించుకొనే మెట్టే కార్యకర్తకు లేకుండా పోయింది. అధికారంలో ఉన్న నాలుగేళ్లలో ఆ ఎన్నికలు జరిపించడానికి పార్టీ ఎందుకు పట్టుపట్టలేదు? వార్డుల నుంచి సొంత నాయకులు తయారైతే రేపు టికెట్ల పంపకంలో వారు ప్రశ్నలు అడుగుతారు. అరువు తెచ్చిన నాయకుడికి ఆ బెడద ఉండదు, అతన్ని తెచ్చినవారికీ ఉండదు.

2026 వేసవిలో ఈ శాసనసభ గడువు ముగుస్తుంది. 30 స్థానాల పంపకానికి మళ్లీ హోటలు గదులలో కాగితాలు పరుచుకుంటారు. వాటి మీద కదిర్కామం పేరుకు ఎదురుగా జగ్గు గుర్తు ఇప్పటికే రాసి ఉండవచ్చు. పార్టీ వాటాలోకి వచ్చే స్థానాలకైనా అభ్యర్థుల పేర్లు ఆయా మండలాల ముందు పెట్టి, చేరిన తేదీతో సహా చదివి వినిపించి, చేతులెత్తించకుండా చీటీలతో అభిప్రాయం తీసుకుంటారా? ఆ ఒక్క పని చేయడానికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు. ఒక గది, ఒక పెట్టె, ఓటర్ల జాబితాతో పాటు బూత్ కార్యకర్తలు ఎన్నేళ్లుగానో భద్రపరచుకున్న సభ్యుల జాబితా చాలు.